ఆడవాళ్ల గదిలో శివపార్వతి

ట్రస్టు ఆఫీసరు భరద్వాజ ఆ రోజు తెనాలి నుంచి కారులో రెండు కట్టల ఫారాలు తెచ్చాడు. చెరుకుపల్లి రోడ్డు పక్కన ఆడవాళ్ల కోసమని ట్రస్టు కొత్తగా తెరిచిన ఆరోగ్య కేంద్రం అది. అక్కడి నర్సు శివపార్వతి ఒక ఫారం తీసి, పైనుంచి కిందికి చదివి, చివరి గడి మీద వేలు పెట్టింది.

"ఇదేంటి సార్, భర్త సంతకం?"

"అనుమతి కోసం అమ్మా. రేపు ఎవడన్నా వచ్చి మా ఆవిడని నాకు చెప్పకుండా ఎట్లా చూశారని అడిగితే?"

"మొన్న మీకు హెర్నియా ఆపరేషన్ అయింది కదండి. మేడం గారి సంతకం పెట్టించారా?"

"అది వేరమ్మా."

"ఏం వేరండి? మీ ఒళ్లు మీది, ఆడదాని ఒళ్లు మాత్రం మొగుడిదా?"

కాలికి గుచ్చుకున్న గాజుపెంకు తీయించుకోవడానికి వచ్చి వరండాలో కూర్చున్న పున్నమ్మ గట్టిగా నవ్వింది. భరద్వాజ అటు తిరిగాడు.

"నీకేంటమ్మా నవ్వు?"

"నా మొగుడు పోయి పద్దెనిమిదేళ్లయింది బాబూ. నా కాగితం మీద సంతకానికి ఎవర్ని లేపుకు రమ్మంటావు?"

శివపార్వతి నవ్వలేదు. "మీ పెన్నుతో మీరే కొట్టేయండి సార్. నేను కొట్టేస్తే రేపు నా తప్పంటారు" అని ఫారాల కట్టలు రెండూ విప్పి అతని ముందు పెట్టింది. ఆఫీసరు రెండు వందల ఫారాల మీద రెండు వందల గీతలు గీసి, చెయ్యి విదిలించుకుంటూ కారెక్కాడు.

పున్నమ్మ ఎవరినీ ఊరికే మెచ్చే మనిషి కాదు. నాట్లకూ, కోతలకూ, మినుము పీకడానికీ వెళ్లే పద్దెనిమిది మంది ఆడవాళ్ల ముఠాకు ఆమె పెద్ద. రైతులతో కూలి మాట్లాడేది ఆమే. ఆమె చేలో కాలు పెట్టాకే మిగతావాళ్లు దిగుతారు. కట్టు కట్టించుకుని ఇంటికి నడుస్తూ, ఈ నర్సు కాస్త పనికొచ్చేట్టే ఉంది అనుకుంది. ఆమె నోటి నుంచి అంతకు మించిన పొగడ్త ఎవరికీ దక్కలేదు.

శివపార్వతిది కొలకలూరు. తండ్రి గుడి వంటశాలలో ప్రసాదాలు వండేవాడు. బాపట్లలో నర్సు చదువు చదివి, తెనాలిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పదకొండేళ్లు చేసింది. తెల్లబట్ట అవుతోందని వచ్చిన ముప్పై ఏళ్ల పిల్లకు అక్కడ గర్భసంచి తీసేయాలన్నారు. మాత్రలతో పోయేదానికి కోత ఎందుకని, "ఇంకో డాక్టరుకి చూపించుకో చెల్లీ" అని ఆ పిల్ల చెవిలో చెప్పింది శివపార్వతి. ఆ పిల్ల లేచి వెళ్లిపోయింది. మర్నాడు శివపార్వతినీ వెళ్లిపొమ్మన్నారు. అప్పుడే ట్రస్టువాళ్లకు నర్సు కావలసి వచ్చింది. నలభై రెండేళ్లొచ్చినా పెళ్లెందుకు చేసుకోలేదని పున్నమ్మ ఒకసారి మొహం మీదే అడిగింది.

"చేసుకుంటే ఫారాల మీద సంతకానికి పనికొచ్చేవాడు పిన్నీ, కుదర్లేదు" అంది శివపార్వతి, సూది మందు ఎక్కిస్తూ.

కేంద్రానికి ఇల్లు కట్టించిన దాత తెనాలిలో బియ్యం మిల్లు ఆసామి. మంచివాడే. తల్లి పేరున ఏదైనా చేయాలనుకున్నాడు, చేశాడు. అయితే గుడికి ఫ్యాను ఇచ్చినా రెక్కల మీద పేరు రాయించే అలవాటు ఆయనది. వాకిలి రోడ్డు వైపు పెట్టించాడు. ఎదురుగా ఆటోస్టాండు, దాని పక్కన టీకొట్టు. వాకిలి పైన తల్లి పేరు, దాని కింద 'స్త్రీల గర్భకోశ వ్యాధుల పరీక్షా కేంద్రం' అని ఎర్ర అక్షరాలు. రేపల్లె బస్సు ఆగకుండా పోతున్నా కూడబలుక్కుని చదవొచ్చు. కాస్త చిన్న బోర్డు పెట్టించమని శివపార్వతి రెండుసార్లు అడిగింది. అక్షరాలు తగ్గిస్తే అమ్మను తగ్గించినట్టే అన్నాడాయన.

కాలు తెగినవాళ్లు వచ్చేవారు. బీపీ చూపించుకునేవాళ్లు వచ్చేవారు. కేంద్రం దేనికోసం కట్టారో దానికి మాత్రం నాలుగు నెలల్లో పదకొండు మంది వచ్చారు.

"ఆ బోర్డు కింద నుంచి నేను లోపలికెళ్తే ఇంకేమన్నా ఉందా? నేను బయటికొచ్చేలోపు నా కడుపులో సంగతి నిజాంపట్నం దాకా తెలిసిపోద్ది" అని ముఠాలో ఝాన్సీ చేలో అంటే అందరూ నవ్వారు. పున్నమ్మ అందరికన్నా పెద్దగా నవ్వింది.

ఆమె నవ్వడానికి కారణం ఉంది. మూడో కాన్పు అయిన తొమ్మిదో రోజునే ఆమె నాట్లకు దిగింది. ఆ ఏడే గర్భసంచి జారింది. ఇరవై ఆరేళ్లుగా పాత చీర పేలిక గోచీలా బిగించి కట్టుకుని, దాని మీద లంగా, దాని మీద చీర కట్టుకుని, ఏమీ లేనట్టు ముఠాకు ముందు నడుస్తోంది. ఒకసారి పట్నంలో చూపిస్తే ఆపరేషన్ అన్నారు, మూడు నెలలు వంగకూడదన్నారు. మూడు నెలలు వంగకపోతే ముఠా ఇంకొకరి చేతికి పోతుంది. వాళ్లు రాసిచ్చిన కాగితం పొయ్యిలో పెట్టింది.

శివపార్వతి ఆమె కూర్చునే తీరు చూసి పట్టేసింది.

"ఎన్నేళ్లయింది పిన్నీ?"

"ఏంటి?"

"నువ్వు బాసింపట్టు వేసుకుని కూర్చోక."

పున్నమ్మ తిట్టింది. నీకెందుకంది. పది రోజుల తర్వాత, బాపట్ల నుంచి డాక్టరమ్మ వచ్చే గురువారం నాడు, టీకొట్టు వైపు కాకుండా వెనక సందులోంచి వచ్చి పెరటి తలుపు తట్టింది. డాక్టరమ్మ చూసి, కోత అక్కర్లేదని, సంచి జారకుండా పట్టి ఉంచే రబ్బరు రింగు ఒకటి లోపల అమర్చింది. మూడు నెలలకోసారి వచ్చి శుభ్రం చేయించుకుంటే చాలంది. పావుగంట పని. పున్నమ్మ ఇంటికెళ్లి పేలికలన్నీ కుప్ప పోసి చూసుకుంది. పాతికేళ్ల కోపం ఎవరి మీద చూపించాలో తెలియక కోడలిని తిట్టింది.

ఫిబ్రవరిలో భరద్వాజ మళ్లీ వచ్చాడు. ఈసారి ఫారాలు లేవు. మార్చి నెలాఖరుకు కనీసం వంద మంది ఆడవాళ్లు గర్భకోశ పరీక్షలకు రాకపోతే ట్రస్టు ఈ డబ్బు కళ్లజోళ్ల పంపిణీకి మళ్లిస్తుందని చెప్పాడు. అప్పటికి వచ్చింది పంతొమ్మిది మంది. శివపార్వతి ఈసారి వాదించలేదు. వాదించడానికి ఎదుట ఉన్నది మాట కాదు, అంకె.

ఆ సాయంత్రం ఆమె బోర్డు వంక కూడా చూడకుండా తలుపు తాళం పెట్టి, పున్నమ్మ ఇంటికి నడిచి వెళ్లింది. పున్నమ్మ మంచం వాల్చి కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, విషయమంతా విన్నది.

"అయితే మూసేస్తారా?"

"మూసేస్తారు. నేను ఇంకో ఊరు చూసుకుంటా. నీ రింగు తీసి కడగడానికి మాత్రం నువ్వు బాపట్ల బస్సెక్కాలి."

"నన్ను బెదిరిస్తున్నావా అమ్మాయ్?"

"కాదు పిన్నీ, అడగడానికొచ్చా. నీ ముఠాలోనే ఆరుగురికి నీలాగే ఉంది. నడక చూసి చెబుతున్నా. ఝాన్సీ అయితే పట్నంలో ఆపరేషన్‌కి రోజు కూడా పెట్టించుకుందట. నేను చెబితే జీతం కోసం చెప్పానంటారు. నువ్వు చెబితే వింటారు."

పున్నమ్మ ఖాళీ గ్లాసు అందుకుని, తొలిచి బోర్లించింది.

"సరే. చెబుతాలే. మా చుట్టాల్లో ఒకావిడకి ఇట్లాగే ఉంటే, ఈడకొచ్చి బాగుపడిందని చెబుతా."

శివపార్వతి మంచం మీది నుంచి లేచి, చెప్పులు వేసుకుని, గుమ్మం దగ్గర ఆగింది.

"చుట్టాలావిడ వద్దు పిన్నీ. రేపు మినప చేలో క్యారేజీలు విప్పుకుని అందరూ గట్టు మీద కూర్చున్నప్పుడు, 'నాకు' అని చెప్పు."