కరాచీ మ్యాచ్ రోజు ఫ్యూజులు తీసింది నేనే

కరాచీలో మన జట్టు ఆడిన ఆ మొదటి వన్డే గురించి ఎవరైనా ఎత్తుకుంటే నేను మెల్లగా లేచి బయటికి పోతాను. సార్‌కు క్రికెట్ పడదేమో అనుకుంటారు స్టాఫ్‌రూములో. పడకపోవడమేమిటి, నాకు పిచ్చి. ఏళ్ల తర్వాత మనవాళ్లు పాకిస్తాన్ పోయి ఆడుతున్నారని తెలిసిన దగ్గర్నుంచి నాకు బడిలో కాలు నిలవలేదు. 2004 మార్చి అది. అప్పుడు నేను లింగాల దగ్గర ఒక బడిలో సైన్సు చెప్పేవాణ్ణి. పిల్లలకు కరెంటు పాఠం చెప్పి, తడి చేతులతో స్విచ్చి ముట్టుకోవద్దని బల్ల గుద్ది మరీ హెచ్చరించే రకం.

రెండో శనివారం సెలవు కలిసొచ్చింది. ముందురోజు సాయంత్రమే ఖిల్లా ఘణపూర్ పక్కనున్న మా ఊరికి చేరుకున్నాను. వనపర్తిలో కొన్న కలర్ టీవీ మా ఇంట్లో ఉంది. పొద్దున్నుంచే వాకిట్లో జనం. నాయిన మాత్రం మొహం చిట్లించి, బంతాట చూస్తే మడి తడుస్తదా అని నన్నొక మాట అని పొలానికి పోయాడు. ఎకరం వరి పొట్ట మీద ఉంది. ఇంకో రెండు తడులు అందితే గట్టెక్కినట్టే. ఆ మడి తప్ప ఆయనకు వేరే ధ్యాస లేదు.

మా ఊళ్లో ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటే. దాని కింద డబ్బాలో ఒక వరుస ఫ్యూజులు ఊరికి, ఇంకో వరుస బోర్లకు. లైన్‌మన్ రావాలంటే రెండు రోజులు పట్టేది కాబట్టి చిన్నాచితకా పనులు రైతులే చేసుకునేవారు. అందుకు ఊరంతా పాటించే కట్టుబాటు ఒకటుండేది. ఎవరైనా ఫ్యూజులు తీసి వైరు పనికి పోతే ఆ డబ్బా పిడికి ఒక వేపకొమ్మ కట్టి పోవాలి. కొమ్మ ఉందంటే లైను మీద మనిషి ఉన్నాడని అర్థం. కట్టినవాడే వచ్చి విప్పాలి. వేరేవాడు ముట్టుకోకూడదు. చదువురానివాళ్లు కూడా ఈ ఒక్క విషయంలో తప్పు చేసేవారు కాదు. ఆ పని చదువుకున్నవాడి కోసం మిగిలింది.

మనవాళ్లు మూడు వందల యాభైకి ఒక్క పరుగు తక్కువ కొట్టారు. ఇంక గెలిచినట్టే అని వాకిలంతా ధీమా. వాళ్లు బ్యాటింగుకు దిగాక తెలిసింది, ఎంత కొట్టినా చాలదని. సరిగ్గా వాళ్లు దంచుతున్నప్పుడే బోర్లకిచ్చే త్రీఫేజ్ కరెంటు వచ్చింది. ఆటో స్టార్టర్లున్న బోర్లన్నీ ఒక్కసారి లేచాయి. వోల్టేజి పడిపోయింది. టీవీలో బొమ్మ నాలుగు దిక్కులా కుంచించుకుపోయి, చివరికి అరచేయంత మిగిలింది. వాకిట్లో అందరూ నా వైపే చూస్తున్నారు.

మా చిన్నాయన కొడుకును వెంటేసుకుని ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి పోయి, బోర్ల లైను ఫ్యూజులు మూడూ పీకేశాను. కాసేపు నీళ్లాగితే వరి చచ్చిపోదు కదా అనుకున్నాను. కొమ్మ కట్టాలా అన్నా అని తమ్ముడు అడిగాడు. లైను మీద ఎవరూ లేరు కదరా, ఎందుకన్నాను. ఇంటికొచ్చేసరికి బొమ్మ నిండుగా ఉంది. అందరూ నన్ను మెచ్చుకున్నారు. సైన్సు సారంటే సైన్సు సారే అన్నాడొకాయన. నేను పొంగిపోయాను.

ఆఖరి బంతికి వాళ్లకు ఆరు పరుగులు కావాలి. బంతి గాలిలోకి లేచింది. మా గుండెలూ లేచాయి. మనవాడు పట్టేశాడు. ఇంక వాకిట్లో ఎవరు ఎవరి మీద పడ్డారో తెల్వదు. నన్నైతే ఇద్దరు ఎత్తుకున్నారు.

కిందికి దిగగానే ఫ్యూజులు గుర్తొచ్చాయి. రైతులు తిడతారని ఒక్కణ్ణే పరుగెత్తాను. డబ్బా పిడికి వేపకొమ్మ కట్టి ఉంది. చూశాను. చూడలేదని అబద్ధం ఆడలేను. వద్దన్నా వినకుండా తమ్ముడే కట్టి ఉంటాడు, పీకింది మనమే కదా, విప్పేదీ మనమే అనుకున్నాను. కొమ్మ తెంపి అవతల పారేసి మూడు ఫ్యూజులూ మళ్లీ పెట్టాను. చుట్టూ మోటార్లు హోరున లేచాయి. ఈల వేసుకుంటూ వెనక్కి తిరిగాను.

దారిలో అమ్మ ఎదురొచ్చింది. చేతిలో నాయినకు చాయ్ చెంబు.

"మీ నాయిన చెల్కల్నే ఉన్నడు. కరెంటు పోయిందని, మీరంత ఆటల ఉన్నప్పుడొచ్చి కటింగ్ ప్లేయర్ పట్కపోయిండు. వైరు అతుకు మిర్మిట్లు కొడ్తుందంట, ఇప్పుడే సక్కజేస్త అన్నడు. ఫ్యూజులు ఎవరో తీసే ఉంచిన్రంట, కొమ్మ గూడ కట్టిండు."

ఆమె మామూలుగానే చెప్పింది. నేను వినలేదు. అంటే చివరి మాట తర్వాత ఏమన్నదో వినలేదు. వెనక్కి పరుగెత్తి ఫ్యూజులు మళ్లీ పీకాను. తొందరలో మూడోది చేతిలోంచి జారి పగిలింది. అక్కణ్నుంచి చెల్కకు ఎట్లా ఉరికానో, చెప్పు ఎక్కడ తెగిందో ఇప్పటికీ గుర్తులేదు. నేను చంపుకున్నాను, మా నాయినను నేనే చంపుకున్నాను. ఈ ఒక్క మాటే లోపల.

మా బోరు దగ్గర వైరు తెగి వేలాడుతోంది. దాని కింద కటింగ్ ప్లేయర్ పడి ఉంది. పక్కన గట్టు మీద ఆయన తువ్వాల. మనిషి లేడు. మడిలోకి దిగి వరి పాయలు తీసి వెతికాను. మోకాళ్ల దాకా బురదలో కూలబడ్డాను.

అప్పుడు పక్క చెల్కలోంచి రేడియో వినిపించింది. హిందీలో ఎవరో గెలుపు గురించి ఆగకుండా మాట్లాడుతున్నారు. ఆ చెల్క ఒక ముస్లిం రైతుది. నేను మామ అంటాను, నాయిన భాయ్ అంటాడు. అక్కడున్న కొట్టంలో మంచం మీద మామ, మంచం పక్కన నిలబడి మా నాయిన. పాలిపోయిన మొహంతో ట్రాన్స్‌ఫార్మర్ వైపే చూస్తున్నాడు.

సగం అతుకు వేశాక మామ పిలిచాడట. ఆఖరి ఓవర్లు ఉన్నయి, జర కూసొని పో అని. బంతాట అంటే గిట్టని మా నాయిన హిందీ సరిగ్గా రాకున్నా పోయి కూర్చున్నాడు. మామ ఒక్కో బంతి తెలుగులో చెప్తుంటే లేవలేకపోయాడు. ఆట అయిపోయి, పని ముగిద్దామని లేచి నిలబడ్డాడో లేదో, మామ మోటారు లేచింది.

"కొమ్మ ఎవడు తీసిండు?" అన్నాడు నాయిన నన్ను చూడగానే.

"నేనే నాయినా. ఫ్యూజులు పీకింది గూడ నేనే."

ఇంక మొదలుపెట్టాడు. నా చదువును, నా ఉద్యోగాన్ని, నాకు చదువు చెప్పిన పంతుళ్లను, ఎవరినీ వదల్లేదు. మామ అడ్డం రాబోతే ఆయన్నీ ఒకటి అన్నాడు. ఇంటిదారి పట్టినా ఆపలేదు. ఒంటికాలి చెప్పుతో వెనకాల నడుస్తూ ప్రతి తిట్టూ చెవులారా విన్నాను. తిట్టడానికి మనిషి ఉన్నాడు. జట్టు గెలిచినప్పుడు కూడా నాకంత సంతోషం కలగలేదు. ఏడుస్తున్నానని మా వాడకట్టు దగ్గర పడ్డాక గానీ తెలియలేదు.

నేను ఉరికింది నాయినను పిలుచుకురావడానికే అనుకుని వెనక్కి తిరిగిన అమ్మ, అక్కడ చాయ్ చెంబు పట్టుకుని అరుగు మీద కూర్చుని ఉంది. ఆమె కనబడగానే నాయిన టక్కున ఆగాడు. తిట్లు ఆగాయి. నా చెయ్యి పట్టుకున్నాడు. ఆయన చెయ్యి చెమటతో తడిసిపోయి ఉంది.

"మీ అమ్మకు చెప్పకు" అన్నాడు. "తట్టుకోదు."