చీపురుపల్లి చాలంటే కోటబొమ్మాళి ఆగిపోయేది

మొన్న ఆదివారం చీపురుపల్లిలో మా తోడల్లుడి కొత్త ఇంటి గృహప్రవేశానికి వెళ్ళాను. వెళ్ళాననడం కన్నా, మా ఆవిడ లాక్కుపోయిందనడం నిజం. మూడు పడగ్గదులు, మేడ మీద పిల్లలకు పాఠాలు చెప్పుకునే పెద్ద హాలు, గుమ్మానికి పాలిష్ పట్టిన టేకు తలుపు, ఒక్కొక్కటే చూస్తూ పైకి బాగుంది బాగుంది అంటున్నాను గాని లోపల ఒక్కోదానికీ ఎంతయిందో లెక్కలు కట్టుకుంటున్నాను. ఈ వయసులో మన ఈడు వాళ్ళ దగ్గర దాచుకునేదేముంది, ఆ మనిషిని చూస్తే నాకు మొదటినుంచీ ఓర్వలేనితనమే. భోజనాలు ఎవరికి వారు పళ్ళెం పట్టుకుని వడ్డించుకునే పద్ధతిలో పెట్టి, మోకాళ్ళు పట్టేసిన మాబోటి వాళ్ళకు మాత్రం ఒక పక్క బల్లలు వేసి ఆకులు పరిచారు. బూరెలు వచ్చేసరికి నా పక్కనున్న పెద్దాయన ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టి సాలు సాలు అన్నాడు. వడ్డించే మనిషి ఆయనతోపాటు నన్నూ దాటేసి ముందుకు వెళ్ళిపోయాడు. ఆ ఒక్క మాటకి ఎప్పటి సంగతో గుర్తుకొచ్చింది.

పిల్లల చేతుల్లోకి ఇంకా ఫోన్లు రాని రోజులవి. విజయనగరంలో ఒక కోచింగు సంస్థ ఉండేది. అక్కడ మాస్టారు కెమెరా ముందు నిలబడి లెక్కలు చెబుతుంటే కోటబొమ్మాళి, చీపురుపల్లి, ఇంకా నాలుగైదు ఊళ్ళ శాఖల్లో పిల్లలు అదే క్షణాన టీవీలో చూసేవారు. శాఖలకూ విజయనగరానికీ మధ్య అద్దె లైన్లు ఉండేవి, ఒక శాఖకూ ఇంకో శాఖకూ మధ్య మాత్రం ఏమీ ఉండేది కాదు, అన్నీ మధ్యలో ఉన్న మా రౌటర్ అనే పెట్టెకే వచ్చి చేరేవి. దాన్ని హబ్ అనేవాళ్ళం. పాఠం ఒక్క ప్రతిగా హబ్ దాకా వస్తే, అది కావాలన్న శాఖలకు మాత్రం పంచిపెట్టేది. ఈ పంపకాన్ని మల్టీకాస్ట్ అంటారు. హబ్ నా చేతిలో ఉండేది, చీపురుపల్లి శాఖ మా తోడల్లుడి చేతిలో ఉండేది. రౌటర్ల పని ఇద్దరం ఒక్కచోటే నేర్చుకున్నాం, మా మావగారింటికి పెద్దల్లుణ్ణి నేను, చిన్నల్లుడు ఆయన.

ఆయన మీద నాకెందుకు అంత మంట అంటే ఏం చెప్పను? మా మావగారు పదిమందిలో కూర్చుంటే చిన్నల్లుడి ముచ్చటే చెప్పేవారు. సంస్థ యజమానీ అంతే. చీపురుపల్లి పిల్లలకు మంచి మార్కులొస్తున్నాయంటే, పాఠం మధ్యలో లెక్క రాగానే ఈయన టీవీ కట్టేసి, ఆ లెక్క పిల్లలచేత బోర్డు మీద చేయించి, మళ్ళీ టీవీ పెట్టేవాడట, అందుకనట. ఆ మాట విన్న ప్రతిసారీ నాకు అన్నం సయించేది కాదు. అప్పుడే నెట్‌వర్క్ అంతటికీ ఒక అధికారిని వేస్తామనీ, అది మా ఇద్దరిలో ఒకరికేననీ యజమాని చెప్పాడు. సరిగ్గా ఆ నెలలోనే కోటబొమ్మాళిలో బొమ్మ ఆగిపోవడం మొదలైంది.

పాఠం చక్కగా సాగుతుండగా మాస్టారు నోరు తెరిచినవాడు తెరిచినట్టే నిలిచిపోయేవాడు. నిమిషం లోపల తనంతట తానే మళ్ళీ మాట్లాడేవాడు. వాళ్ళు నాకు ఫోను చేసి, నేను రౌటర్ ముందు కూర్చునేసరికి అంతా సవ్యంగా కనిపించేది. లైను పరీక్ష చేయించాను, కేబుళ్ళు మార్చాను, కోటబొమ్మాళి వెళ్ళి రెండు రోజులు అక్కడే కూర్చున్నాను. వారంలో తేల్చకపోతే చీపురుపల్లి ఆయన్ని పిలిపిస్తానన్నాడు యజమాని. పట్టుదలకొద్దీ బొమ్మ ఆగిన వేళలన్నీ రాసుకుని, అన్ని శాఖల వేళలతోనూ సరిచూస్తే చివరికి ఒక్కటి తేలింది. చీపురుపల్లిలో టీవీ కట్టేసిన ప్రతిసారీ కోటబొమ్మాళిలో బొమ్మ ఆగుతోంది. సగం నిజం దొరికింది, మిగతా సగం నా ఏడుపు నింపేసింది. చీపురుపల్లి ఇన్‌ఛార్జి నా పని చెడగొట్టాలని కావాలనే నెట్‌వర్క్‌ను పాడుచేస్తున్నాడని రెండు పేజీల కాగితం రాసి, శనివారం యజమాని బల్ల మీద పెట్టి ఇంటికెళ్ళాను. ఆ రోజు కడుపునిండా తిన్నాను కూడాను.

మర్నాడు శృంగవరపుకోటలో అత్తవారింట మధ్యాహ్నం భోజనం. అల్లుళ్ళిద్దరినీ పక్కపక్కనే కూర్చోబెట్టి మా అత్తగారు నాటుకోడి కూర వడ్డించారు. అల్లుడన్నవాడు మారు అడగకూడదు, అత్తగారు బతిమాలాలి, మనం వద్దు వద్దంటూ వేయించుకోవాలి. ఆ మర్యాదలన్నీ మీకు నేను చెప్పాలా? ఆవిడ గిన్నె పట్టుకొచ్చేసరికి మా తోడల్లుడు చెయ్యి అడ్డం పెట్టి సాలన్నాడు. ఆవిడ ఇద్దరికీ చాలనుకుని గిన్నెతో సహా వెనక్కి తిరిగింది. నా ఆకు ఖాళీ. నోరు తెరిచి అడగలేను, ఈయన మూలంగా నా కూర కూడా పోయిందని పళ్ళు నూరుకుంటున్నాను.

అప్పుడాయన నా ఆకు వైపు చూసి, “నాకు సాలంటే అన్నయ్యకీ సాలనేటి అత్తా? ఆయన్ని అడగవేటి?” అన్నాడు.

అత్తగారు నాలిక్కరుచుకుని నాకు నాలుగు ముక్కలు వేశారు. నేను ముక్క ముట్టలేదు. నాకు రౌటర్ కనిపిస్తోంది. శాఖల రౌటర్లు హబ్‌తో చెప్పే మాటలు రెండే, టీవీ పెడితే కావాలి అని, కట్టేస్తే చాలు అని. అన్నీ ఒక్క గదిలో ఉంటే ఒకటి చాలు అనగానే రెండోది విని, ఉండు, నాకింకా కావాలి అంటుంది. మా శాఖలు ఊరికొకటిగా ఉన్నాయి, చీపురుపల్లి చాలన్నది కోటబొమ్మాళికి వినపడదు. హబ్ మాత్రం అన్నిటినీ ఒకే బంతి అనుకుని అందరికీ వడ్డన ఆపేస్తోంది. ఆ పూట పాఠం ఆ రెండు శాఖలదే గనక మిగతా ఊళ్ళకు ఈ బాధ తెలియలేదు. నిమిషానికోసారి కోటబొమ్మాళి అలవాటుగా కావాలి అంటుంది గనక బొమ్మ మళ్ళీ వస్తోంది. పాడుచేసినవాడు ఎవడూ లేడు, హబ్ ఎవరినీ విడిగా అడగడం లేదు, అంతే. ఆ నెలలోనే హబ్‌ను మార్చి అలా పెట్టినవాణ్ణి నేనే.

సోమవారం పొద్దున్నే వెళ్ళి, ప్రతి శాఖనూ వేరువేరుగా లెక్కపెట్టుకోమని హబ్‌కు ఇచ్చే ఆదేశాల్లో ఒకే ఒక్క వరుస చేర్చాను. చీపురుపల్లికి ఫోను చేసి టీవీ కట్టమన్నాను, కోటబొమ్మాళిలో మాస్టారు ఆగకుండా మాట్లాడుతూనే ఉన్నాడు. ఆగలేదన్న సంగతి చెబితే, ఫోనులో నాకంటే మా తోడల్లుడే ఎక్కువ సంతోషించాడు. వెంటనే ఆ కాగితం వెనక్కి తీసుకుందామని యజమాని గదికి పరిగెత్తాను. అప్పటికే ఆయన చదివేసి ఉన్నాడు. దొంగను పట్టి రోగం కుదిర్చావని మెచ్చుకుని, అధికారి ఉద్యోగం నీదేనన్నాడు. తప్పు నాదని చెప్పడానికి అరనిమిషం కూడా పట్టదు. చెప్పలేదు.

ఆ తర్వాత చీపురుపల్లిలో పాఠం మధ్యలో టీవీ కట్టకూడదని హుకుం వెళ్ళింది. నెల తిరక్కుండా మా తోడల్లుడు ఉద్యోగం మానేసి, అరుగు మీద నలుగురు పిల్లలతో ట్యూషన్ పెట్టుకున్నాడు. అదే ఇప్పుడీ మేడయింది. నా అధికారం, పాఠాలు ఫోన్లలోకి వెళ్ళిపోయేదాకా నడిచింది. లైన్లన్నీ తీసేశారు, హబ్ గదిలో పాత పుస్తకాలు పేర్చారు.

మొన్న బూరెలు నన్ను దాటిపోవడం ఆయన ఎక్కడినుంచి చూశాడో, గబగబా వచ్చి వడ్డించే మనిషి చేతిలోని బుట్ట అందుకుని, ఈయన్ని అడగవేటి అంటూ నా ఆకులో రెండు వేశాడు. నా మొహం ఎలా ఉందో ఏమో, తిరుగు రైల్లో మా ఆవిడ తనంతట తానే చెప్పింది. ఆ రెండు పేజీల కాగితం యజమాని ఆ వారంలోనే మా తోడల్లుడికి చూపించాడట. మరదలు ఏడ్చి గోల చేసి అక్కను అడుగుతానంటే, ఆయన ఒక్కటే అన్నాడట.

“అన్నయ్యకి ఆ ఉద్యోగం కావాల. నాకు సాలు.”

ఇన్నేళ్ళూ అక్కచెల్లెళ్ళకు తెలుసు, ఆయనకు తెలుసు. ఒక్కరూ నా దగ్గర ఆ ఊసెత్తలేదు. ఇప్పుడు ప్రతి పిల్లవాడికీ పాఠం విడిగా తన ఫోనుకే వస్తుంది, చీపురుపల్లిలో ఎవరు కట్టేసినా కోటబొమ్మాళిలో ఎవరికీ ఆగదు. పెళ్ళిళ్ళలోనూ ఎవరి పళ్ళెం వారిది, ఎవరికి కావలసింది వారు వేసుకుంటారు. సుఖంగానే ఉంది, కాదనను. పక్కవాడి ఆకు ఖాళీగా ఉందని చూసి వాడి తరఫున అడిగే పని మాత్రం ఎవరికీ లేకుండా పోయింది. మా బంతిలో అలా అడిగిన మనిషి ఒక్కడుంటే, వాడి మీదే నేను రెండు పేజీలు రాశాను. ఇన్నేళ్ళూ ఆయన పేరు చూసి, మేడ చూసి ఏడ్చాను. ఇప్పుడు ఆ ‘సాలు’ అన్న మాట ఆయన అంత తేలిగ్గా అనగలిగినందుకు ఏడుస్తున్నాను.