నేను ఫార్వర్డ్ అయిన సంగతి

నా ఫుట్‌బాల్ ఉద్యోగం కలకత్తాలో రెండు సీజన్లు నడిచింది. నడిచింది అంటున్నాను గానీ, ఎక్కువభాగం నేను బెంచీ మీద కూర్చునే ఉన్నాను. తర్వాత మోకాలు పాడై ఇంటికొచ్చాను. కానీ ఆ ఉద్యోగం నేను చేరకముందే ఒకసారి ఊడబోయింది. దానికి నా ఆట కారణం కాదు, ఒక్క ఇంగ్లీషు ముక్క కారణం.

కొల్లేరులో చేపల చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టేసిన ఏడాది అది. మా నాన్నకు వాటా ఉన్న చెరువూ పోయింది. చెల్లికి బీసీ కోటాలో నర్సింగ్ సీటు వస్తుందన్న ఆశ ఒక్కటే ఇంట్లో మిగిలింది. సరిగ్గా అప్పుడే తాడేపల్లిగూడెం టోర్నమెంటులో నా ఆట చూసి కలకత్తా క్లబ్బువాళ్లు పిలిచారు. జిల్లా పేపర్లో వేలెడంత వార్త పడింది: కొల్లేరు కుర్రాడు, ఫార్వర్డ్‌గా ఎంపిక.

నాన్న టీ కొట్టులో అది చదివి ఇంటికొచ్చాడు. కంచం ముందు కూర్చుని అన్నం కలుపుతూనే ఉన్నాడు తప్ప ముద్ద ఎత్తలేదు.

"ఏరా, నిన్ను ఫార్వర్డులో వేశారంటగా."

"అవును నాన్నా," అన్నాను గొప్పగా.

"ఎవర్నడిగి ఒప్పుకున్నావు? అన్న ఫార్వర్డయితే చెల్లి బ్యాక్‌వర్డ్ ఎలాగవుద్దిరా? రేపు కౌన్సెలింగులో ఎవడన్నా ఆ పేపరు తెచ్చి ముందెడితే దానికి సీటిస్తారా?"

నాకు నవ్వాగలేదు. తీరా చూస్తే చెల్లి ముఖం కూడా పాలిపోయి ఉంది. ఇంటర్ ఫస్టు క్లాసులో పాసైన పిల్ల అది. దాంతో నాకు ఒళ్లు మండింది. అది ఆటలో నిలబడే చోటు పేరని, కులం కాదని అరిచి చెప్పాను. "నువ్వు చెబితే ఆఫీసోళ్లు వింటారా?" అన్నాడు నాన్న. సీటు సంగతి తేలేదాకా కలకత్తా ఊసెత్తొద్దన్నాడు. క్లబ్బువాళ్లు ఇచ్చిన గడువేమో ఆ వారంతో సరి.

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని ఏలూరులో మా కోచ్ దగ్గరికి వెళ్లాడు.

"మావోణ్ణి కాస్త వెనక్కి మార్చండి మాస్టారూ."

కోచ్ కళ్లజోడు సర్దుకుని నాన్నను గౌరవంగా చూశాడు. ఆట గురించి సలహా ఇచ్చిన తండ్రిని ఆయన అంతకుముందు చూసి ఉండడు.

"వెనక నిలబెడితే మన గోల్లోనే కొట్టేస్తాడండీ. వీడు ముందుండాల్సినవాడండీ."

"అదేనండి వద్దంటున్నాను. మా ఇళ్లల్లో ఎవరూ ముందు లేరండి. వీడొక్కడూ ముందుకెళ్లిపోతే మిగతావాళ్ల నోట్లో మట్టికొట్టినట్టవుద్దండి."

ఇక లాభం లేదని నేనే సిగ్గు చంపుకుని అసలు విషయం చెప్పాను. కోచ్ పొట్ట పట్టుకుని నవ్వాడు. ఎంత వివరించినా నాన్న మెత్తబడకపోయేసరికి, "పోనీ ఎమ్మార్వో ఆఫీసులో అడిగి రండి. వాళ్లు చెబితే నమ్ముతారుగా," అన్నాడు.

నాన్న ఆ ఆఫీసుకు ఒక్కడే వెళ్లాడు. నేను ఇంటికొచ్చి గుమ్మంలో కూర్చుని, ఒప్పుకోకపోతే చెప్పకుండా రైలెక్కేద్దామా అని ఆలోచిస్తున్నాను. చెల్లి నా బట్టలు ఒకసారి బ్యాగులో సర్దుతోంది, ఇంకోసారి తీసేస్తోంది.

సాయంత్రానికి నాన్న పకోడీ పొట్లంతో వచ్చాడు. చెరువు పోయాక ఆయన ముఖంలో అంత వెలుగు నేను చూడలేదు.

"వెళ్లరా, నిక్షేపంగా వెళ్లు. గుమాస్తాగారు నవ్వి మరీ చెప్పారు. నువ్వెన్ని గోల్సు కొట్టినా, దేశమంతా నీ పేరు చెప్పుకున్నా ఏమీ మారదంట. చచ్చేదాకా మనం బ్యాక్‌వర్డేనంట."

అమ్మ దేవుడికి దణ్ణం పెట్టుకుంది. చెల్లి నన్ను వాటేసుకుంది. నాన్న నా దోసిట్లో పకోడీలు పోశాడు. నేనూ అందరితోపాటు నవ్వాను. కలకత్తా వెళ్తున్నందుకు సంతోషంగానే ఉంది. కానీ ఆ శుభవార్త విన్నాక ఒక్క పకోడీ కూడా తినకుండా అన్నీ చెల్లి దోసిట్లో పోసేశాను.