పనసచెక్క గిటారు

మా అన్న పెళ్ళిళ్ళకూ జాతరలకూ పాడే ఒక ఆర్కెస్ట్రాలో గిటారు వాయించేవాడు. ఆ గిటారు అతనిది కాదు, ఆర్కెస్ట్రా యజమానిది. ఎప్పుడో విదేశం నుంచి వచ్చిన పాత ఎలక్ట్రిక్ గిటారు. నడుమ తేనెరంగు, అంచులకు పోయేకొద్దీ నలుపు. యజమాని చనిపోయాక దాన్ని వాళ్ళ బంధువులెవరో తీసుకుపోయారు. తర్వాత ఎన్ని కొత్త గిటార్లు చేతికొచ్చినా అన్న పెదవి విరిచేవాడు. "వీటికి గొంతు యాడుండాది?" అనేవాడు.

ఒకసారి ఐరాలలో పెళ్ళికి వాయిస్తుంటే అతని ఎడమచేతి చిటికెనవేలు తీగను నొక్కలేకపోయింది. నొప్పి లేదు, బలం లేదంతే. వేలూరు ఆసుపత్రికి తీసుకెళ్ళాం. అది నరాల జబ్బనీ, చేతుల్లో మొదలై ఒళ్ళంతా పాకుతుందనీ, నయం చేసే మందు లేదనీ చెప్పారు. తిరుగు బస్సు చిత్తూరు దాటింది. అన్న నావైపు తిరిగాడు.

"అమ్మీ, సేతులు పనిసేసినంత కాలం కూసోని ఆ గిటారు మాదిరిది ఒకటి సేస్తా."

ఇంట్లో ఈ మాట విని అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "వాయించేదానికి కాకుంటే అదెందుకు నాయనా?"

"ఇనేదానికమ్మా" అన్నాడు.

పాకాలలో మేనమామ వాళ్ళ పాతిల్లు కూల్చినప్పుడు మిగిలిన పనస దూలం ఒకటి ఉంటే ఆటోలో వేసుకొచ్చాడు. వీణలకు వాడేది ఆ చెక్కే కదా అని అతని ధైర్యం. జ్ఞాపకం మీదే న్యూస్‌పేపరు మీద బొమ్మ గీసి, కత్తిరించి, చెక్క మీద పరిచాడు. తిరుపతిలో మేముండే ఇంటి వరండా అంతా పసుపుపచ్చ పొట్టుతో నిండిపోయింది. నేను శ్రీసిటీలో ఒక ఫ్యాక్టరీలో సర్క్యూట్ బోర్డులకు సోల్డరింగ్ చేసేదాన్ని. సాయంత్రం కంపెనీ బస్సు దిగి వచ్చేసరికి అన్న తల నిండా ఆ పొట్టే ఉండేది. ఆ రోజుల్లో అతను సంతోషంగానే ఉన్నాడు.

గిటారు మెడను టేకుతో చేస్తున్నప్పుడు ఉలి అతని చేతిలోంచి జారి కింద పడింది. వంగి తీసుకోబోయాడు. వేళ్ళు ముడుచుకోలేదు. చాలాసేపు తన చేతిని చూసుకుని, నన్ను పిలిచాడు.

"ఇంగ నువ్వే పట్టుకోమ్మీ. నేను సెప్తా."

నాకు ఉలి పట్టడం కూడా రాదు. మెడ కూర్చునే గాడి వెడల్పుగా తవ్వేశాను. ఏడుపొచ్చింది. అన్న కోప్పడలేదు, పలచని చెక్కముక్క అతికించమన్నాడు. ఉప్పుకాగితంతో రుద్దాక మెడ నునుపు తేలిందో లేదో తడిమి చూద్దామంటే, వేళ్ళకు స్పర్శ తెలుస్తున్నా అతను వాటిని కదపలేడు. అందుకని చెక్కను అతని చెంపకు ఆనించి మెల్లగా జరిపేదాన్ని. కళ్ళు మూసుకుని, "ఈడ... ఇంగ రోంత" అనేవాడు.

తీగల కింద అమర్చే అయస్కాంతాలకు వెంట్రుకంత సన్నటి రాగితీగ చుట్టాలి. దాని చక్రంతో చుట్టేందుకు అమ్మ తన కుట్టుమిషను ఇచ్చింది. తీగ తెగినప్పుడల్లా తనే మళ్ళీ మొదలుపెట్టి చక్రం తిప్పింది. వైర్లు అతికించడం ఒక్కటే నాకు బాగా వచ్చిన పని. తేనెరంగూ నలుపూ గుడ్డతో అద్దేనాటికి అన్న మాట ముద్దగా వస్తోంది.

తీగలు బిగించిన రోజు స్పీకరు పెట్టెకు కలిపి, అతను నేర్పినట్టు రెండు వేళ్ళు పెట్టి మీటాను. అన్న తల వంచి విన్నాడు.

"అదేనా అన్నా?"

"కాదు" అన్నాడు. మళ్ళీ తల వంచి, "ఇంగోసారి" అన్నాడు.

వాయించే వాళ్ళెవరినైనా పిలుస్తానన్నాను. "వద్దు. నన్నిట్ల సూడకూడదు వాళ్ళు" అన్నాడు. ఆ తర్వాత మాట పూర్తిగా పోయింది. నేను పని నుంచి రాగానే కళ్ళతోనే గిటారును చూపేవాడు. నాకు వచ్చింది ఆ రెండు వేళ్ళ మీటు ఒక్కటే, అదే మీటేదాన్ని.

ఎండాకాలంలో అన్న పోయాడు. సమాధి చేసి వచ్చాక అతనితో ఆర్కెస్ట్రాలో వాయించినతను ఇంటికొచ్చి, గోడవారనున్న గిటారును చూశాడు. అడిగి ఒళ్ళో పెట్టుకున్నాడు. శ్రుతి చేసి వాయించాడు.

అది నేను మీటిన గిటారేనా అనిపించింది. నిండుగా, కాస్త బొంగురుగా, మనిషి పాడుతున్నట్టే ఉంది. అతను ఆశ్చర్యంగా తలెత్తాడు. "అక్కా, ఆ పాత గిటారు గొంతు ఇదే గదా! ఇది ఇని అన్నకు ఎంత కుశాలై ఉంటాదో."

అమ్మ వంటింటి గడపలో నిలబడి ఉంది.

"ఆపు నాయనా" అంది. "వాడు ఇది ఇనకనే పాయె."

అతను తీగల మీద అరచెయ్యి పెట్టేశాడు.