కంప్యూటరుకి డ్రైవర్ లేడట

పోయినవాటిని ముందు లెక్కపెడతాను. ఆరేళ్ళ కరెంటు మీటరు రీడింగులు. పెళ్ళి ఫోటోలు మూడు వందల నలభై, వాటిలో నేను కళ్ళు మూసుకుని ఉన్నవి నలభై ఒకటి. కాలనీలో రిటైరైన పదిహేడు మందికి నేను వేసిపెట్టిన ఎరియర్సు లెక్కలు. తెలుగులో టైపు చేసుకునే సదుపాయం. ప్రింటరు. మాకెవరికీ గుర్తులేని, కంప్యూటరుకి మాత్రమే గుర్తున్న నాలుగు పాస్‌వర్డులు. వీటన్నిటి పైన ఇంటర్నెట్టు. ఇంట్లో నా మాటకున్న విలువ కూడా ఈ జాబితాలో రాయమంది మా ఆవిడ. లేనిదాన్ని పోయినవాటిలో ఎలా చూపిస్తామని అడిగితే, అదీ నిజమేనంది.

ఇవన్నీ ఒక శనివారం సాయంత్రం, రెండు గంటల లోపల పోయాయి. దొంగలు పడలేదు. నేనే చేశాను. మా కంప్యూటరు తెరుచుకోవడానికి పదకొండు నిమిషాలు తీసుకునేది. రోజుకు రెండుసార్ల చొప్పున ఏడాదికి నూట ముప్పై మూడు గంటల పైచిలుకు నష్టమని లెక్క తేలింది. ఆ అంకె చూసి నాకే భయం వేసి, ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్‌ని తుడిచేసి కొత్తగా ఎక్కించాను. ఈ విద్య నాకు ఎవరూ నేర్పలేదు, నా అంతట నేనే నేర్చుకున్నాను. అందువల్ల తప్పు నేర్పారని తిట్టుకోవడానికి కూడా ఎవరూ దొరకలేదు.

కొత్తగా ఎక్కించాక కంప్యూటరు నలభై సెకన్లలో తెరుచుకుంది. తెరుచుకున్నాక చేయడానికి దానికి పనేమీ లేదు. తెర కింద మూలన చిన్న భూగోళం బొమ్మ, దాని మీద అడ్డగీత. భూగోళంతో మన సంబంధం తెగిందని ఇంత మర్యాదగా చెప్పే యంత్రం ఇంకొకటి ఉండదు. ఇంటర్నెట్ బాక్సు ఆపి, ముప్పై వరకు లెక్కపెట్టి మళ్ళీ వేశాను. తీగ ఈ కొస అటు, ఆ కొస ఇటు మార్చాను. బాక్సు మీద పచ్చ దీపాలు ఎప్పటిలాగే మినుకు మినుకుమంటున్నాయి. కంపెనీకి ఫోన్ చేస్తే, మా వైపు అంతా బాగుంది సార్, అన్నారు. మా వైపు బాగోలేకే కదా ఫోన్ చేసింది.

ఒక్క రోజు ఆగితే ఏమవుతుందంటారా? ఆ మర్నాడు ఆదివారం, నవంబరు ఆఖరి రోజు. మా పక్క క్వార్టరు పెద్దాయన తను బతికే ఉన్నానని నిరూపించుకోవలసిన గడువు ఆ రోజుతో సరి.

ఆయన రిటైరైన ఇంజిన్ డ్రైవరు. మా ఖరగ్‌పూర్ రైల్వే ట్రాఫిక్ కాలనీలో డెబ్బై ఆరేళ్ళ వయసులో కూడా గడియారం చూడకుండా టైము చెప్పగలిగిన మనిషి. పెన్షను తీసుకునేవాళ్ళు ఏటా నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. బొటనవేలు ఒక చిన్న యంత్రం మీద పెడితే, ఆ ముద్ర కంప్యూటరులోంచి వెళ్ళి, ఫలానా మనిషి ఉన్నాడని పైవాళ్ళకు చెబుతుంది. ఆ యంత్రం మా ఇంట్లో ఉంది. నెల మొదట్నుంచీ నేను రమ్మంటూనే ఉన్నాను. "ఈ నెలలో సావను గాని, తొందరేటి బావూ," అంటూ ఆయన వాయిదా వేస్తూనే ఉన్నాడు. పోయిన ఏడాది ఈయన స్నేహితుడొకడు గడువు దాటించుకుని, తిరిగి బతకడానికి మూడు నెలలు ఆఫీసుల చుట్టూ తిరిగాడు. ఈయనకి మోకాళ్ళు పనిచేయవు. ఆ ఇంట్లో ఇద్దరు మనుషులకి, ఇద్దరి మందులకి ఉన్నది ఆ పెన్షను ఒక్కటే. ఆదివారం గనక బ్యాంకు లేదు. ఉన్నది నేను, నలభై సెకన్లలో తెరుచుకునే నా కంప్యూటరు.

పొద్దున్నే, ఈ కంప్యూటరు నాకు అమ్మిన షాపు దాదాకి ఫోన్ చేశాను. సెలవు రోజు నిద్రలోంచి లేచిన బెంగాలీ మనిషి ఎంత ఓపిగ్గా మాట్లాడగలడో అంత ఓపిగ్గా మాట్లాడాడు. స్పీకరులో ఆయన గొంతు వంటింటి దాకా వినిపిస్తోంది. బెంగాలీలో దాదా అంటే అన్న గనక, ఆయనకి నేనూ దాదానే.

"దాదా, డ్రైవర్ నహీ హై. డ్రైవర్ లానా పడేగా."

"డ్రైవర్ కహా మిలేగా?"

"ఇంటర్నెట్ మే."

"ఇంటర్నెట్ హీ తో నహీ హై, దాదా."

ఆయన, అయితే కష్టమే, సోమవారం పెట్టె పట్టుకుని షాపుకి రమ్మన్నాడు.

కంప్యూటరు భాషలో డ్రైవర్ అంటే, పెట్టె లోపలి ఒక్కో భాగాన్ని నడిపే చిన్న ప్రోగ్రాము. ఇంటర్నెట్ భాగానికి ఉండవలసిన ఆ ప్రోగ్రామును, మిగతావాటితో పాటు, నేనే శుభ్రంగా తుడిచేశాను. అది మళ్ళీ కావాలంటే ఇంటర్నెట్టులో దొరుకుతుంది. ఇంటర్నెట్టు కావాలంటే అది ఉండాలి. నూతిలో పడ్డ చేంతాడును అదే చేంతాడుతో పైకి లాగమనడం.

ఇదంతా నాకు తెలుసు. మా ఆవిడకి తెలిసింది మాత్రం, డ్రైవర్ లేడు, డ్రైవర్ని తేవాలి అని. ఖరగ్‌పూర్‌లో పుట్టి పెరిగిన మనిషికి డ్రైవర్ అన్న మాటకి ఒకటే అర్థం. చేతిలో గరిటెతోనే పెరట్లోకి వెళ్ళి, గోడ మీంచి కేకేసింది.

"మావయ్యా, మా కంప్యూటరుకి డ్రైవర్ లేడంట. షాపు దాదా సెప్తన్నాడు. ఓపాలి ఇలా రాకూడదా?"

అది నిజంగా పొరపాటో, నా మీద వేళాకోళమో ఇప్పటికీ తేలలేదు. అడిగిన ప్రతిసారీ వేరే జవాబు చెబుతుంది.

పెద్దాయన అప్పుడే తెలుగు చర్చిలో ఆరాధన ముగించుకుని వచ్చినట్టున్నాడు. తెల్లచొక్కా కూడా మార్చకుండా, మోకాలు పట్టుకుంటూ, సరిగ్గా పదకొండు గంటలకి మా గుమ్మంలో నిలబడ్డాడు.

"కోడలమ్మా, గోడమించి కేకేస్తే కాల్ ఇచ్చినట్టు కాదు. మా రోజుల్లో డ్రైవర్ కావాలంటే రెండు గంటల ముందు ఇంటికి మనిషొచ్చి, పుస్తకంలో సంతకం ఎట్టించుకుని ఎల్లేవోడు."

"ఈయన పుస్తకాలన్నీ నిన్న సాయంత్రమే తుడిసేసినారు మావయ్యా. సంతకానికి సోటు నేదు."

నేను ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, కంప్యూటరు డ్రైవరు వేరు, ఇంజిన్ డ్రైవరు వేరు అని వివరించాను. పూర్తిగా విన్నాడు.

"అయితే మనిషి కాడన్నమాట."

"కాదండీ."

"జీతం నేదు?"

"లేదు."

"పెన్షను?"

"లేదండీ."

"మరి ఆడు బతికున్నట్టు కాయితం ఇవ్వక్కర్నేదు. నా కన్నా ఆడే నయం," అన్నాడు.

బొటనవేలు కాకపోతే ముఖం చూపించే పద్ధతి కూడా ఒకటుంది. ఫోనులో చేయొచ్చు. నా ఫోనులో నెట్ లేదు. ఇంట్లో బాక్సు ఉండగా రెండోసారి డబ్బు కట్టడం వృథా అని లెక్కగట్టి, మాటలకి మాత్రమే కట్టిన ఫోను నాది. మా ఆవిడ ఫోనులో రోజుకు ఒకటిన్నర జీబీ వస్తుంది. అది దండగ ఖర్చని ఏడాదికి ఇంత అని ఆవిడకి పలుమార్లు చూపించాను. ఆ ఫోనే అడిగాను. ఇచ్చింది. చార్జింగు చూసి మరీ ఇచ్చింది. దెప్పి ఇస్తే బాగుండేది.

ఫోను పెద్దాయన ముఖం ముందు పెట్టాను. కళ్ళు ఆర్పమని తెర మీద రాశారు.

"మావయ్యగారూ, ఒకసారి కళ్ళు ఆర్పండి."

ఆయన ఫోనుకేసి చూస్తున్నాడు. ఆర్పడం లేదు.

"కళ్ళు ఆర్పాలండీ."

"ఎదర దీపమెట్టి కళ్ళు ఆర్పమంటావేటి బావూ? ముప్పై నాలుగేళ్ళు సిగ్నల్ ముందర రెప్ప ఆర్పకుండా ఉన్నాను. అదే ఉద్యోగం."

మూడుసార్లు ప్రయత్నించాం. మూడోసారి గట్టిగా చెప్పేసరికి రెండు కళ్ళూ మూసేసి అలాగే ఉండిపోయాడు. ఎదుట ఉన్నది సజీవమైన ముఖంగా ధ్రువపడలేదని ఫోను తేల్చింది. ప్రభుత్వానికి బతికున్నట్టు కనిపించాలంటే కళ్ళు ఆర్పాలి. రైలు బతికుండాలంటే ఆర్పకూడదు. ఈ రెంటికీ పొత్తు కుదరదు.

పన్నెండున్నర అయింది. మా ఆవిడ అన్నం పెట్టింది. చేపల పులుసు. పెద్దాయన కంప్యూటరు పక్కనే కుర్చీలో కూర్చుని తిన్నాడు. ఇంజిన్ మీద ఉన్నప్పుడు దిగి తినకూడదట. తింటూ నా తెరకేసి, ఆ అడ్డగీత కొట్టిన భూగోళంకేసి చూస్తున్నాడు. నేను తినలేదు. అదే తీగని ఐదోసారి ఊడదీసి పెడుతున్నాను. డిసెంబరు పెన్షను ఆగితే ఎన్ని నెలలకి తిరిగొస్తుందో, ఈలోగా ఆ ఇంటికి ఎంత లోటో నా బుర్ర దానంతటదే లెక్క వేస్తోంది. ఆపమంటే ఆగదు. పదిహేడు మందికి లెక్కలు వేసిపెట్టిన బుర్ర అది.

"ఏటి సేస్తన్నావు?"

"చూస్తున్నానండీ."

"సూస్తన్నావు సరే. ఇంజిన్ సచ్చిపోయింది. మళ్ళీ మళ్ళీ తాళం తిప్పితే లేస్తాదేటి? దారిలో మాకు ఇంజిన్ సచ్చిపోతే ఏటి సేస్తాం? ఎనకాల స్టేషన్‌కి కబురెట్టి, నడుస్తున్న ఇంజినొకటి తెప్పించి, ఎదర తగిలించి లాగించుకుంటాం. మీ ఇంట్లో నడుస్తున్న ఇంజినే నేదా?"

నేను నవ్వబోయాను. అప్పుడు మా ఆవిడ ఫోను నా చేతిలోనే ఉంది. గంట సేపటి నుంచీ ఉంది. దాంతో మూడుసార్లు ముఖం ఫోటోలు తీశాను గాని, దాన్ని తీగతో కంప్యూటరుకి తగిలిస్తే, దానిలోని నెట్టు ఇందులోకి పారుతుందన్న సంగతి తట్టలేదు. ఆ సంగతి నాకు తెలియక కాదు. ఆ ఫోను నా లెక్కల్లో దండగ ఖర్చు కింద రాసి ఉంది. దండగ ఖర్చులో ఇంజిన్ ఉంటుందని ఎవరనుకుంటారు?

ఇంట్లో ఫోను తీగలు మూడున్నాయి. మొదటిదీ రెండోదీ చార్జింగు మాత్రమే ఇచ్చే రకం. మూడోది మా ఆవిడ గాజుల డబ్బాలో దొరికింది. తగిలించాను. అడ్డగీత పోయింది.

"కప్లింగ్ పడింది," అన్నాడు పెద్దాయన, తెరకేసి చూడకుండానే.

నెట్ నడిపే డ్రైవరు దిగడానికి పదహారు నిమిషాలు పట్టింది. తరవాత బొటనవేలు యంత్రం కూడా మొరాయించింది. దానికీ ఒక డ్రైవరు కావాలన్నాను.

"ఒక బండికి ఇద్దరు డ్రైవర్లా? రెండు ఇంజిన్లెట్టి ఘాట్ కొండ ఎక్కుతున్నామేటి?"

"ప్రింటరుకి ఇంకొకడు కావాలండీ."

"ఆణ్ణి రేపు పిలుద్దాం. ఆదివారం నాడు ఎంతమందిని లేపుతావు?"

ఈలోగా కొత్త ఆపరేటింగ్ సిస్టమ్, నెట్టు వాసన తగలగానే, నన్ను అడక్కుండా తన సొంత సామానంతా దింపుకోవడం మొదలెట్టింది. మా ఆవిడ ఒకటిన్నర జీబీ అయిపోవస్తోంది. ఆవిడ నా వెనకాల నిలబడి ఎంత మిగిలిందో పైకి చదువుతోంది. "నాలుగొందలు... మూడొందల ఎనభై... దండగే కదేటి, పోనీండి."

మూడు గంటల ఇరవైకి పెద్దాయన బొటనవేలు యంత్రం మీద పెట్టాడు. ముద్ర పడలేదు. ముప్పై నాలుగేళ్ళు ఇనుప హ్యాండిల్ పట్టిన వేలికి గీతలు ఎక్కడుంటాయి. మా ఆవిడ ఆ వేలికి చుక్క కొబ్బరినూనె రాసి, కొంగుతో తుడిచింది. రెండోసారి పడింది. ఆయన పాత బటన్ ఫోనులో మెసేజి వచ్చింది. చదివి వినిపించాను. ఏడాది దాకా బతికే ఉన్నారు మావయ్యగారూ, అన్నాను.

"ఠీక్ హై," అన్నాడు. కాసేపు ఆ ఫోను చొక్కా జేబులో పెట్టుకోవడం, తీసి చూసుకోవడం చేశాడు. తరవాత గోడ గడియారంకేసి చూశాడు. "మూడున్నర. నాలుగున్నర గంటలు డ్యూటీ. నా కిలోమీటర్లు రాయి."

ఇంజిన్ డ్రైవర్లకి జీతం మీద కిలోమీటరుకింత అని అదనంగా ఇస్తారు. మీరు కుర్చీలోంచి కదల్లేదు కదా అన్నాను. బండి కదలకపోయినా ఇంజిన్ మీద డ్రైవరు ఉన్నంతసేపూ గంటకి పదిహేను కిలోమీటర్ల లెక్కన రాసేవాళ్ళమన్నాడు. ఆ రూలు నేను చూసిన ఏ కాగితంలోనూ లేదు. అయినా వేశాను. అరవై ఏడున్నర. భోజనం అరగంట తగ్గించబోతే, ఇంజిన్ మీదే తిన్నానన్నాడు. చేపల పులుసు పెట్టిన సాక్షి ఆయన పక్షానే మాట్లాడింది.

డబ్బు ఇస్తానంటే పుచ్చుకోడు. కిలోమీటర్లు కిలోమీటర్లలోనే కావాలట. మోకాళ్ళ మూలాన ఆయన, గూడ్సు బళ్ళు నిలిచే నిమ్‌పురా యార్డు దాకా వెళ్ళి రెండేళ్ళయింది. కాబట్టి ప్రతి ఆదివారం చర్చి అయ్యాక నా స్కూటరు వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్తున్నాను. మీటరు ప్రకారం పోనూ రానూ ఆరు కిలోమీటర్లు. పదకొండు పన్నెండు వారాల్లో తీరిపోవలసిన బాకీ. కాని అక్కడ గూడ్సు బళ్ళు చూస్తూ అరగంట కూర్చుంటాం. నిలబడ్డ బండికి గంటకి పదిహేను గనక, ఆ అరగంటకి ఏడున్నర కలుపుతాడు. ఆరు తీరుతుంది, ఏడున్నర పెరుగుతుంది. ఇరవై నాలుగో నిమిషంలో లేచి వచ్చేస్తే బాకీ ఉన్నచోటే ఉంటుందని మొదటి వారమే లెక్కగట్టాను. ఇరవై నాలుగో నిమిషంలో ప్రతిసారీ ఏదో ఒక బండి కదులుతూ ఉంటుంది. ఆయన దానికేసి రెప్ప ఆర్పకుండా చూస్తూ ఉంటాడు.

ఇప్పటికి పన్నెండు ఆదివారాలు. ఇవ్వవలసింది ఎనభై ఐదున్నర కిలోమీటర్లు.