నాన్న బకెట్, అమ్మ దోసెలు

ఇక్కడ గల్ఫ్‌లో, మబేలాలోని నా రూమ్‌లో దోసె పిండి పులిస్తే చాలు, ఇదే ఊళ్లో వాదీ కబీర్ ఏరియాలోని మా పాత ఫ్లాట్ గుర్తొస్తుంది. నా చిన్నప్పుడు అక్కడ నాన్న బాత్రూమ్‌లో బకెట్ పెట్టి బీరు పులియబెట్టేవాడు. అది దోసె పిండని అమ్మ చెబితే నమ్మేశాను.

ఒకరోజు వాసన పట్టి వాచ్‌మన్ తలుపు కొట్టాడు. ఇక్కడ ఇంట్లో బీరు చేయడం నేరం, తెలిస్తే నాన్న ఉద్యోగం పోతుంది.

"దోసె పిండి భాయ్," అంది అమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడి.

"బాత్రూమ్‌లో ఉంది, చూపిస్తా," అన్నాను నేను.

అమ్మ నన్ను వెనక్కి లాగి, ఫ్రిజ్‌లోని అసలు పిండితో అతనికి దోసెలు వేసిపెట్టింది. తిని వెళ్లిపోయాడు.

వెంటనే ఆమె బకెట్ మొత్తం పారబోసింది.

"వాడు పోయాడు కదే," అన్నాడు నాన్న.

"పారబోయాలంటే నేనే పారబోస్తా. పారబోయించడానికి మధ్యలో వాడెవడు?"

అంత పిండి పోయిందని నేను ఏడ్చాను. నాన్న మొహం నాకంటే దిగులుగా ఎందుకుందో చాలా ఏళ్లకు అర్థమైంది.