బ్యాటు మీద ఒకే మచ్చ

ఆ ఏటి సంగతి ఎవరు కదిపినా చాలు, నిక్కచ్చిగారు కుర్చీలో నిటారుగా సర్దుకు కూర్చుంటారు. నిక్కచ్చి ఆయన పేరు కాదు, ఊరు పెట్టిన బిరుదు. క్లబ్బు కప్పు గెలిచింది ఆ ఒక్క ఏడే. ఎలా గెలిచిందని అడిగితే మాత్రం ఎవరికీ సరిగా గుర్తుండదు. ఫైనల్లో అంపైరుగా నిలబడ్డ ఈయన సొంత తమ్ముణ్ణి మొదటి బంతికే అవుటిచ్చి పంపేశారన్నది అయితే అప్పటికి పుట్టనివాళ్లు కూడా చెబుతారు.

అసలు ఆయన ఆ రోజు నిలబడవలసింది కాదు. రావలసిన అంపైరు జ్వరంతో పడుకుంటే అప్పటికప్పుడు పిలిచారు. "తమ్ముడు ఆడుతున్నాడుగా, ఇక మనకు వికెట్లు పడ్డట్టే" అని అవతలి జట్టువాళ్లు ఆయనకు వినపడేలా నవ్వుకున్నారు. ఆ నవ్వు ఆయన చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది. పెద్ద జట్టుకు ఆటగాళ్లను ఎంచే సెలెక్టర్లు ఆ రోజు గ్యాలరీలో కూర్చున్నారు. తమ్ముడు కొత్త బ్యాటు పట్టుకుని వచ్చాడు. బంతి ప్యాడుకు తగిలింది, పదకొండు మందీ ఒక్క గొంతుతో అరిచారు, అన్నగారి వేలు లేచింది. తమ్ముడు కిక్కురుమనకుండా వెళ్లిపోయాడు. సెలెక్టర్లు మళ్లీ అతని మొహం చూడలేదు.

ఇది జరిగి పాతికేళ్లు. ఆ వేలు పుణ్యమా అని అన్నగారు పెద్ద పెద్ద మ్యాచ్‌లకు అంపైరయ్యారు, నిజాయితీ మీద ఉపన్యాసాలిచ్చారు. తమ్ముడు ఆటసామాన్ల దుకాణం వెనకగదిలో పగిలిన బ్యాట్లకు జిగురు పెట్టి, దారం చుట్టి, పిడికి రబ్బరు తొడుగుతూ జుట్టు నెరిపించుకున్నాడు. అయినా అన్నంటే అతనికి ప్రాణం. చూసేవాళ్లకు ఒళ్లు మండేది ఇక్కడే.

మొన్నామధ్య క్లబ్బువాళ్లు ఆ ఏటి గుర్తుగా పుస్తకం వేస్తామన్నారు. జట్టు ఫొటో తమ్ముడి దగ్గరుందని నిక్కచ్చిగారు దుకాణానికి వెళ్లారు.

"కూర్చో అన్నయ్యా, పై అరలో ఉండాలి" అంటూ తమ్ముడు స్టూలెక్కాడు. కవరు లాగుతుంటే పాత గుడ్డలో చుట్టిన బ్యాటొకటి జారి అన్నగారి ఒళ్లో పడింది. గుడ్డ ఊడింది. ఆ ఒక్క బంతి తప్ప మరో బంతిని ఎరగని బ్యాటు అది. లోపలి అంచున ఒకే ఒక ఎర్రమచ్చ. బంతి ముందు బ్యాటును తాకాకే కాలికి తగిలింది. అలాంటప్పుడు అవుటివ్వకూడదని అంపైరుకు వేరే ఎవరైనా చెప్పాలా?

"అది చూడకన్నయ్యా, ఇలా ఇచ్చెయ్" అని తమ్ముడు కంగారుగా దిగాడు.

వీడికి అంతా తెలుసన్నమాట, అనుకున్నారు నిక్కచ్చిగారు. ఇన్నేళ్లు గుండె మీద మోసిన బరువు ఇక మోయలేననిపించింది.

"వినపడిందిరా. టిక్కుమని ఆ రోజే వినపడింది. నాటౌటంటే తమ్ముణ్ణి వెనకేసుకొచ్చాడంటారని భయపడ్డాను. వేలెత్తేశాను. నన్ను క్షమించరా."

తమ్ముడు ఉన్నచోటే నిలబడిపోయాడు.

"వినపడిందా?"

ఆయన తల దించుకున్నారు.

"నీకు వినపడలేదనుకున్నా అన్నయ్యా. అంత గోలలో ఎవరికి వినపడుతుందిలే, మనిషన్నాక పొరపడడా అనుకున్నా. ఇది ఎవరి కంటైనా పడితే నీ పేరు పోతుందని ఇన్నాళ్లూ దాచా. మా ఆవిడకు కూడా చూపించలేదు."

తమ్ముడు బ్యాటు అందుకుని మళ్లీ గుడ్డ చుట్టబోయి ఆగాడు. గుడ్డను బల్ల కింద పడేశాడు. ఫొటోతో పాటు బ్యాటు కూడా ఆయన చేతిలో పెట్టాడు.

"తీసుకెళ్లండి. ఇక దీన్ని దాచే పని నాకు లేదు" అన్నాడు. అన్నయ్యా అనలేదు.